తొందరలేని చేతులు

ఇంజను బ్లాకు మీది పాత గాస్కెట్ ముక్కల్ని బ్లేడుతో గీకేసి, కరీముల్లా ఆ చోటును వేలితో తడిమి చూశాడు. నీళ్ళ పంపు బిగించే బోల్టు విరిగి, అంచుకు కాస్త లోపలే ఉండిపోయింది. ఎవరో ఓపికలేని మెకానిక్కు స్పానరుకు పొడుగు పైపు తగిలించి బలమంతా పెట్టి తిప్పాడట. తల ఊడి చేతికొచ్చింది, మొండెం బ్లాకులోనే ఉండిపోయింది. చివరికి కారు తాడు కట్టించుకుని నరసరావుపేట చేరింది.

"అందరూ నీ దగ్గరికే పొమ్మన్నారు బాబాయ్. సాయంత్రానికి అయిద్దా?" అన్నాడు కారు తోలే బ్రహ్మాజీ.

"బోల్టునడుగు."

విరిగిన బోల్టులు తియ్యడంలో తప్ప మరి దేనిలోనూ కరీముల్లాకు పేరు లేదు. నలభై ఏళ్ళుగా అదే రేకుల షెడ్డు. కూతురు ఉజ్మా పెళ్ళిలో కూడా గోళ్ళ సందున నల్లటి ఆయిలుతోనే కూర్చున్నాడు. కానీ ఆ చేతులకు తొందరంటే తెలియదు. పట్టేసిన బోల్టును అతను ముందుగా విప్పడు. బిగువు వైపు ఒక్క పిసరు కదిలించి, అది పట్టు వదిలాకే విప్పు వైపు తిప్పుతాడు. మాచర్ల నుంచి కూడా బళ్ళు అతన్ని వెతుక్కుంటూ వచ్చేది ఆ ఓపిక కోసమే. ఆ ఓపికతో కాపురం చేసే భార్య కుల్సుం మాత్రం వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది. "ఇల్లు తగలబడతా ఉన్నా ఈయన చేతులు కడుక్కునే బయటికొస్తాడమ్మా!"

ఆ రోజు కుల్సుం అన్నం క్యారేజీ లేకుండా, రోజూ వచ్చే వేళకు గంట ముందే వచ్చింది. షెడ్డు వారగా వేసిన పాత జీపు సీటు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. పైట చెంగుతో మాటిమాటికీ మెడ తుడుచుకుంటోంది.

"ఏందే, పెందలాడే వచ్చావ్?"

"గుండెల్లో బరువుగా ఉందయ్యా. ఎడం చెయ్యి లాగతా ఉంది. ఒకసారి ఆసుపత్రికి పోదామా?"

అప్పటికే కరీముల్లా బోల్టు నడుమ సన్నటి బెజ్జం వేసి, గ్యాసు మంటతో చుట్టూ కాల్చాడు. కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి బోల్టు మరల సందుల్లోకి ఇంకుతోంది.

"చల్లారితే మళ్ళీ మొదటికొస్తది. పావుగంట కూర్చో, పోదాం."

"ఆటో పిలవనా పిన్నీ?" అన్నాడు బ్రహ్మాజీ.

"వద్దులే అబ్బాయ్. గ్యాసయ్యుంటది. ఆయన్ను రానీ."

బ్రహ్మాజీ టీకి పోయాడు. కరీముల్లా తను అరగదీసుకున్న నాలుగు పలకల ఉక్కుముక్కను బెజ్జంలోకి దిగ్గొట్టాడు. అది లోపల విరిగిందంటే బ్లాకు పనికిరాదు. దానికి స్పానరు తగిలించి బిగువు వైపు పిసరంత, విప్పు వైపు పిసరంత, మళ్ళీ మైనం. పావుగంట అరగంటయింది, అరగంట దాటింది. వెనక నుంచి కుల్సుం రొప్పు వినబడుతూనే ఉంది. తర్వాత వినబడలేదు. కునుకు పట్టిందిలే అనుకున్నాడు.

కిర్రుమని బోల్టు కదిలింది. మర ఒక్కటీ చెడకుండా బయటికొచ్చింది.

"వచ్చిందే. లే, పోదాం," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

కుల్సుం తల రేకు గోడకు ఆనించి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. దగ్గరికి పోయి చెంప తట్టాడు. చెంపకు నల్లటి మరక అంటింది.

"ఏమే," అన్నాడు. "ఏమే, కుల్సుం."

టీ గ్లాసుతో తిరిగొస్తున్న బ్రహ్మాజీ అది చూసి, గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఆమెను ఎత్తి ఆటోలో వేశారు. ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి చెయ్యి వదిలేశాడు.

"నొప్పి మొదలై ఎంతసేపయింది?"

"పావుగంట కూర్చోమన్నా సార్," అన్నాడు కరీముల్లా. డాక్టరుకు అర్థం కాక మళ్ళీ అడిగాడు. కరీముల్లా మళ్ళీ అదే చెప్పాడు.

బోల్టు ఎక్కడికీ పారిపోయేది కాదు. చల్లారితే మళ్ళీ కాల్చుకోవచ్చు. రేపు తియ్యొచ్చు, ఎల్లుండి తియ్యొచ్చు. ఆ సంగతి పల్నాడులో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఖబరస్తానులో తన వంతు మట్టి వేస్తూ ఆ చేతుల్ని చూసుకుంటే అతనికి అసహ్యం వేసింది. లోకం మెచ్చుకున్న చేతులు ఆమెకు ఒక్క పూట అక్కరకు రాలేదు. అందరిలో బావురుమని ఏడ్చాడు.

నాలుగో రోజు బ్రహ్మాజీ కారు కోసం వస్తే కరీముల్లా షెడ్డు తీశాడు. కొత్త బోల్టు వేస్తానన్నా బ్రహ్మాజీ వద్దన్నాడు, వేరేచోట వేయించుకుంటానని కారుకు తాడు కట్టించాడు. కారు వెళ్ళిపోయాక ఊడవడానికని కరీముల్లా వంగాడు.

జీపు సీటు ముందు కుల్సుం రబ్బరు చెప్పులు, లేవగానే తొడుక్కోవడానికి వీలుగా రోడ్డు వైపు తిప్పి పెట్టుకున్నవి, అట్లాగే ఉన్నాయి.