పనుకో ఏనుగప్పా

పొద్దు గూకి, సంగటి తిని, గిన్నెలు బోర్లించాక మునీశ్వరి చాప మీద చేరి బొమ్మల పుస్తకం తెరిచేది. కూతురు శ్రుతి పక్కలో దూరేది. శాంతిపురం దగ్గరి ఆ పల్లెలో రోజూ జరిగేదే ఇది. ఆ పుస్తకం ఆమె మొగుడు దొరస్వామి ఒకసారి మదనపల్లె టమాటా మండీకి పోయినప్పుడు కొనుక్కొచ్చింది. అందులో నలుగురు స్నేహితులు: పొట్టి పుంగనూరు ఆవు, ఉడత, కాకి, ఏనుగు. ఒక్కొక్కరినీ నిద్రపుచ్చడమే కథ. మునీశ్వరి చదవగానే పేజీలో ఆవు కాళ్లు ముడుచుకునేది, ఉడత తోక కప్పుకునేది, కాకి రెక్కలో ముక్కు దాచుకునేది. తెల్లారితే మళ్లీ లేచేవి. బొమ్మలకు మాత్రం అలుపుండదా?

ఏనుగే మొండి ఘటం. ‘నిద్రింపుము గజరాజా’ అని అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివినా చెవులాడిస్తూ నిలబడే ఉండేది. అది పడుకోనిదే శ్రుతి కన్ను మూసేది కాదు.

"ఏనుగు ఇంగా నిలబడే ఉండాదామ్మా?" పక్క చేను కొండప్ప, పిల్లకు జ్వరం తగ్గిందా అన్నట్టు అడిగేవాడు. "ఈ పక్క ఏనుగులన్నీ అరవదేశం నుంచి వచ్చేటివే. అరవంలో చెప్పి సూడు."

"తూంగప్పా" అని చూసింది. కన్నడంలో "మలక్కో" అనీ చూసింది. ఏనుగు ఒక చెవి ఇటు తిప్పింది, అంతే.

అడవి నుంచి వచ్చే అసలు ఏనుగులతోనే మునీశ్వరికి అసలు బెంగ. వరసగా రెండేళ్లు రాగి చేను తొక్కిపోయాయి. దొరస్వామి బెంగళూరులో సిమెంటు పనికి కుదిరాడు. "ఈ తూరి గూడా పంట పోతే మీరూ వచ్చేయండి" అని ఫోన్లో తేల్చేశాడు. రేకుల షెడ్డులో కాపురం, పిల్లకు బడి మాన్పించడం. ఆ తలపే ఆమెకు గిట్టేది కాదు. ఆ మట్టంటే ఆమెకు ప్రాణం.

కోతకు ముందు రోజు రాత్రి, నడుము విరిగిపోతుంటే, మునీశ్వరి పుస్తకం ఒళ్లో పెట్టుకుని అచ్చువైపు చూడనే లేదు. కన్నబిడ్డను కసిరినట్టు ఏనుగును కసిరింది.

"పనుకోప్పా! పొద్దున్నించీ నిలబడే ఉండావే, కాళ్లు నొప్పి పుట్టలేదా? పనుకో నాయనా!"

ఏనుగు ముందుకాళ్లు మడిచి దభీమని ఒరిగింది. అటక మీది చెంబు దొర్లి కింద పడింది. తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు. పాపం, దానికి కావలసింది ఇంటి మాట.

మరునాడు పొద్దున కూలీలు కొడవళ్లతో వచ్చేసరికి మంచులోంచి ఏనుగుల గుంపు చేలోకి దిగుతోంది. కొండప్ప టపాకాయలు తీశాడు.

"వద్దు మామా! బెదిరితే అంతా తొక్కేస్తాయి."

ఆమె ఇంటికి పరుగెత్తి పుస్తకం తెచ్చింది. వెనకే శ్రుతి కూడా వచ్చింది. గట్టు మీద నిలబడి మునీశ్వరి ఏనుగు పేజీ తెరిచింది. గుంపు వైపు తిరిగి గొంతెత్తింది.

"అడవంతా నడిచొచ్చుండారు. అలిసిపోయుంటారు. పనుకోండప్పా, పనుకోండి నాయనా!"

పెద్ద ఏనుగు తొండం దించింది, ఆవులించింది, గట్టు వారగా ఒరిగింది. తక్కినవీ దాని పక్కన చేరాయి. పిల్ల ఏనుగొకటి మాత్రం చేను నడుమే ముడుచుకుంది.

"సూస్తాండారేమి? కోయండి!"

పల్లె పల్లెంతా దిగింది. గుర్రు వింటూనే కోశారు. పిల్ల ఏనుగు చుట్టూ జాగ్రత్తగా, దాని తోక పక్కని రాగి వెన్ను కూడా వదలకుండా కోశారు. ఎక్కడ చెవి కదిలినా శ్రుతి "పనుకో, పనుకో" అనేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కట్టలన్నీ కళ్లం చేరాయి. ఏనుగులు లేచి మోళ్లు చూశాయి, ఒళ్లు దులుపుకుని అడవిదారి పట్టాయి.

రాగులు నూర్చి కుప్ప పోసిన రోజున, గుంపు దిగిందని మాత్రమే విన్న దొరస్వామి ఖాళీ సంచితో కుప్పంలో రైలు దిగి వచ్చాడు.

"సామాన్లు సర్దినావా?"

మునీశ్వరి అతని చెయ్యి పట్టి కళ్లానికి తీసుకుపోయింది. కుప్ప చూసి అతను దోసిలి నిండా రాగులు ఎత్తి చూసుకున్నాడు.

"మేము యాడికీ రాము. నువ్వూ పోవద్దు. సంచి ఇట్లా పట్టు."

సంచి నిండింది. దొరస్వామి దాన్ని భుజానికెత్తుకుని, కళ్లు తుడుచుకుంటూ, అట్నుంచి అటే పిండి మరకు పోయాడు.