నలభై మూడుసార్లు దించిన చేతులు

నల్లపాడు దాటాక రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్లు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. కిలోకి పది రూపాయలు. మధ్యాహ్నమైనా క్రిస్టీనా ముందున్న కుప్ప సగం కూడా తరగలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగడం లేదు. ఒళ్లో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

"మీ చివరి పరీక్ష ఫలితం నిలిపివేయబడింది. అనుమానాస్పద ప్రవర్తన: చేతులు కెమెరాకు కనిపించకుండా కిందికి దించడం, 43 సార్లు. ఈ సాయంత్రం ఐదు లోపు మీ సమాధానం తెలపండి."

"ఏందే, పాసయ్యావా?" పక్కనే కూర్చున్న తల్లి పున్నమ్మ అడిగింది.

"కాపీ కొట్టానంటన్నారమ్మా."

"ఎవరా అన్నది?"

అన్నది మనిషైతే క్రిస్టీనా పేరు చెప్పేది. మూడేళ్లుగా ఆమె ఫోన్‌లోనే డిగ్రీ చదువుతోంది. పాఠం చెప్పింది కంప్యూటర్ తయారుచేసిన ఒక ముఖం. దానికి దగ్గు రాదు, విసుగు రాదు. సందేహాలు తీర్చింది యంత్రం, పేపర్లు దిద్దింది యంత్రం, పరీక్షకి కాపలా కాసిందీ యంత్రమే. ఫీజు మాత్రం మనుషులే తీసుకున్నారు.

పరీక్ష రోజు కూడా ఆమె పొద్దున పనికి పోయే వచ్చింది. రెండింటికి కెమెరా ముందు కూర్చునేసరికి చేతులు మంటలెత్తుతున్నాయి. పున్నమ్మ కాళ్ల దగ్గర గిన్నెడు మజ్జిగ పెట్టింది. తొడిమలు తీసొచ్చిన చేతుల్ని మజ్జిగలో ముంచుకోవడం వాళ్ల పేటలో ప్రతి ఇంట్లో ఉన్నదే. ఒక జవాబు రాయడం, చేతులు ముంచడం, తుడుచుకుని మళ్లీ రాయడం. దాన్ని దాచాలని గానీ, ఎవరికైనా చెప్పాలని గానీ ఇద్దరికీ తోచలేదు.

ఇప్పుడు ఆమె మిగిలిన కుప్ప తల్లికి అప్పజెప్పి, గుంటూరులో తన స్టడీ సెంటర్‌కి బస్సెక్కింది. చీరాల మిషన్ హాస్టల్లో వార్డెన్ పని ఖాళీగా ఉంది. నెలాఖరుకి డిగ్రీ చూపిస్తే ఆ పని ఆమెదే, ఈ షెడ్డు మొహం మళ్లీ చూడక్కర్లేదు.

స్టడీ సెంటర్లో లక్ష్మీనరసింహం ఒక్కడే ఉంటాడు. ఒకప్పుడు లెక్చరర్. ఇప్పుడు ఏ బటన్ ఎక్కడుందో విద్యార్థులకి చూపించడమే ఆయన పని. ఆయన ముందు అప్పటికే ఖుర్షిదా అనే కుట్టుపని అమ్మాయి నిలబడి ఉంది. పరీక్షలో ఆమె చంటిపిల్ల ఏడిస్తే "గదిలో మరో వ్యక్తి" అని వచ్చిందట.

"నేను కాపీ కొట్టలేదండీ. చేతులు మండిపోతంటే మజ్జిగలో పెట్టుకున్నా." క్రిస్టీనా రెండు చేతులూ చాపింది. వేళ్ల కొసలు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

ఆయన చూశాడు. "నాకర్థమైందమ్మా. దానికర్థం కాదుగా."

"మీరు చెప్పండి సార్ దానికి."

"చెప్పడానికి అందులో చోటేదమ్మా? ఇదిగో, ఉన్నది 'తప్పు ఒప్పుకుంటున్నాను' అనే బటన్ ఒక్కటే. ఇది నొక్కితే శుక్రవారం మళ్లీ రాయొచ్చు. నొక్కకపోతే ఏడాది పోద్ది."

"వీడియో ఉంటది గదండీ. ఒక్క మనిషన్నా చూశారా?"

"అంతమందివి చూడటానికి మనుషులెక్కడున్నారు? అయినా అది తప్పు చెయ్యదంటున్నారు పైవాళ్లు. మన సెంటర్లోనే ఈసారి తొంభై మందిని పట్టుకుంది. మీరిద్దరూ తప్ప అందరూ ఒప్పుకున్నారు."

క్రిస్టీనాకి ఒళ్లు మండింది. "ఒప్పుకోక ఏం చేస్తారండీ? మెడ మీద కత్తి పెట్టి అడిగారు గదా! వాళ్లు ఒప్పుకున్నారని అది కరెక్టంటన్నారు. అది కరెక్టని మమ్మల్ని ఒప్పుకోమంటన్నారు."

లక్ష్మీనరసింహం గోడ గడియారం చూశాడు. ఐదుకి పది నిమిషాలుంది. ఆయన చెడ్డవాడు కాదు, ఈ అమ్మాయి బాగుపడాలనే ఆయన తాపత్రయం. "నాతో వాదనెందుకమ్మా? నొక్కేసి ఉద్యోగం తెచ్చుకో. ఎవరడగొచ్చారు? ఇటివ్వు, నేను నొక్కుతా," అని చెయ్యి చాపాడు.

ఆమె ఫోన్ ఇవ్వబోయింది కూడా. ఒక్క నొక్కు, అంతే. చీరాల హాస్టల్, ఫ్యాను కింద కుర్చీ, నెలజీతం. దానికి బదులు తను దొంగనని తన వేలితోనే చెప్పాలి. రేపు ఆ షెడ్డు నుంచి ఇంకో పిల్ల పరీక్షకి కూర్చుని చేతులు దించితే, క్రిస్టీనా ఒప్పుకుందిగా అని దాన్నీ పట్టుకుంటారు.

"నొక్కమాకండి సార్." ఫోన్ వెనక్కి లాక్కుంది. "నేను ఒప్పుకోను. ఒక తెల్లకాగితం ఇప్పించండి."

కౌంటర్ మీద వంగి రాసింది. తను కాపీ కొట్టలేదని, వీడియోని ఒక మనిషి చూడాలని, చూసినవాళ్లు తమ పేరు రాసి సంతకం పెట్టాలని. ఆయన ముందు పెట్టి, ముట్టినట్టు సంతకం చెయ్యమంది.

"కాగితాలు తీసుకునే పద్ధతి లేదమ్మా ఇక్కడ," అన్నాడాయన నీరసంగా.

"ఉంచుకోండి సార్. పద్ధతి వచ్చిందాకా నేను ఇక్కడే కూర్చుంటా."

ఐదైంది. ఆమె ఫోన్‌లో ఆ బటన్ మాయమైంది. ఏడాది పోయినట్టే. ఏడుపు ముంచుకొచ్చింది, దాచుకోలేదు. లక్ష్మీనరసింహం ఆ కాగితాన్ని అందుకోలేదు, అలాగని తోసెయ్యనూ లేదు.

ఇంకా ఏ బటనూ నొక్కని ఖుర్షిదా తన ఫోన్‌ని సంచిలో పడేసింది.

"అక్కా, ఆ పెన్ను ఇట్టా ఇస్తావా?" అంది.