ముదీర్‌ను దీవికి పంపిన చాయ్

అరబ్బు దేశంలో, బనియాస్ శివార్లలోని ఆ సిమెంటు ఇటుకల యార్డులో సెలవుకు ఒకటే పద్ధతి. ముదీర్, అంటే మేనేజరు, ఊళ్లో ఉంటే ఎవడూ కదలకూడదు, ముదీర్ ఊరు దాటితే ఎవడూ ఉండకూడదు. తాళంచెవి ఇంకొకడి చేతిలో పెట్టడం ఆ మహానుభావుడికి చేతకాదు. అందుకని ఆయన పోతే గేటు మూసి, సొరుగులోని పాస్‌పోర్టులు పంచి, అందరినీ ఇళ్లకు తోలేస్తాడు. చిక్కల్లా ఆయన ఎక్కడికీ పోకపోవడమే. సముద్రం చూస్తే ఆయనకు తల తిరుగుతుంది, పువ్వు చూస్తే తుమ్ములొస్తాయి. ఇటుకలు చూస్తే మాత్రం కడుపు నిండుతుంది.

ఆయనకు చాయ్ కాచే పర్శరాములుది జగిత్యాల దగ్గర పల్లె. అతను విమానమెక్కాక పుట్టిన కొడుకు ఇప్పుడు మాటలు నేర్చాడు. ఎనభై ఒకటి జనవరిలో ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. అందులో భార్య రాజ్యం గొంతు.

"జర ఇను. నీ మాటలు టేపుల ఇని ఇని, పోరగాడు గా టేపునే నాయినా అంటుండు. నిన్న దానికి పెరుగన్నం తినిపిచ్చిండు. మెతుకులన్ని జాలీల ఇరికినయ్. జల్ది రారాదు."

పర్శరాములుకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కొడుకు మనసులో ఆ డబ్బా తండ్రిగా స్థిరపడకముందే ఇల్లు చేరాలి. అంటే ముదీర్ ఎక్కడికో ఒకచోటికి పోవాలి.

ఎక్కడికన్నది ఆఫీసు గోడ మీది క్యాలెండరు చెప్పింది. నీలం సముద్రం, కొండ నిండా పూలు, పూల మధ్య ఒక మేక, వెనక రాతి ఇళ్లు. కింద ఉన్న ఇంగ్లీషు చదవడానికి నెల్లూరు డ్రైవర్ అమీర్ జాన్‌ను పిలుచుకొచ్చాడు.

"సైప్రస్ అంటారబ్బయా దీన్ని. మధ్యధరా సముద్రంలో దీవి. వసంతంలో రండి అని రాసుండారు. ఎందుకు రావాల్నో మాత్రం రాయలా."

"గదేందో మనమే చెప్దాం భాయ్," అన్నాడు పర్శరాములు.

మర్నాటి నుంచి ముదీర్‌కు చాయ్‌తో పాటు ఒక కారణం కూడా అందసాగింది, యార్డులో అందరూ మాట్లాడే అరబ్బీ కలిసిన హిందీలో. అక్కడి మేకలు పూలు తింటాయి కనుక ఆ పాలతో కాచిన చాయ్‌కి చక్కెర అక్కర్లేదు. అక్కడి సముద్రం గిన్నెలో నీళ్లలా కదలకుండా ఉంటుంది, తల తిరగదు. తుమ్ములొచ్చే పూలను ప్రభుత్వమే పీకించేసింది. పనివాళ్ల క్యాంపులో అందరూ కూర్చుని ఈ కారణాలు వండేవాళ్లు. ముదీర్ మాత్రం "హూఁ" అని చాయ్ తాగి ఊరుకునేవాడు.

చివరికి వండటానికేమీ మిగలని రోజున, పర్శరాములు బొమ్మలోని ఇళ్లను చూస్తూ అన్నాడు.

"ఆడ ఇండ్లన్నీ రాయితోనే సార్. సిమెంటు ఇటుకంటే ఏందో ఎవ్వలికి తెల్వది."

ముదీర్ కప్పు కింద పెట్టాడు. "ఒక్క ఇటుక కూడా లేదా?"

"ఒక్కటి గూడ లేదు సార్. పాపం."

ముదీర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "యల్లా, పోదాం పద," అని లేచాడు.

గేటు మూసే రోజు వచ్చింది. అందరి పాస్‌పోర్టులూ అందరికీ అందాయి, పర్శరాములుది మాత్రం ముదీర్ చేతిలోనే ఉండిపోయింది.

"ఆ దీవి గురించి ఇంత తెలిసినవాడివి, నిన్ను వదిలి పోతానా? ఆ మేకపాల చాయ్ ఎవడు కాస్తాడు?" అని ముదీర్ ఎంతో ప్రేమగా భుజం తట్టాడు.

అలా యార్డంతా ఇళ్లకు, పర్శరాములు ఒక్కడూ ముదీర్ వెంట సైప్రస్‌కు బయల్దేరారు. కొడుక్కి కొన్న ఎర్ర బూట్లను తన ఊరివాడైన హన్మంతు చేతిలో పెట్టి, "నేను డబ్బాను గాదు, మనిషినే అని మా పోరనికి జెప్పన్నా," అన్నాడు.

అంత దుర్మార్గపు దీవి ఇంకోటి ఉండదు. పర్శరాములు చెప్పిన అబద్ధాలన్నిటినీ నిజం చేసి పెట్టింది. సముద్రం కదల్లేదు. పూలలో పొర్లినా ముదీర్‌కు ఒక్క తుమ్ము రాలేదు. మేకలు పూలే తిన్నాయి, చాయ్ ఎన్నడూ లేనంత కమ్మగా కుదిరింది. అది చూసి పర్శరాములుకు ఒళ్లు మండిపోయింది. ముదీర్ మాత్రం ఊరూరా రాతిగోడలను తట్టి, "పాపం, పాపం" అనుకుంటూ పడుచువాడైపోయాడు.

"వచ్చే వసంతానికీ మనమిద్దరమే," అన్నాడొక ఉదయం.

పర్శరాములు సంచి సర్దడం మొదలుపెట్టాడు. "ఈ దీవి మంచిది గాదు సార్. పోదాం."

"ఏం తక్కువైంది దీనికి?"

అన్నాళ్లూ అడగకుండానే వచ్చిన అబద్ధాల్లో ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఈడ మా పోరడు లేడు సార్."

ముదీర్ నిజంగానే ఆలోచించాడు. "మంచి కారణమే," అన్నాడు. "కానీ రావడానికి అన్ని చెప్పి, పోవడానికి ఒక్కటేనా? ఇంకొకటి చెప్పు, పోదాం. ముందు చాయ్ పెట్టు."

పర్శరాములు పొయ్యి మీద నీళ్లు పెట్టి రెండో కారణం కోసం వెతకసాగాడు. ఎంత వెతికినా మొదటిదే దొరికింది.