చివరి చుట్టు

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ బండికి మరమ్మతు చేసినా చివరి చుట్టు డ్రైవరే బిగించాలి. రేపు దాని మీద కూర్చునేది అతను కాబట్టి, రెంచి అతని చేతికిచ్చి మెకానిక్కు పక్కకు తప్పుకోవాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే. చెడగొట్టిందీ నేనే.

అరవై నాలుగో సంవత్సరం. గురజాల దగ్గర సాగరు కాలువ తవ్వుతున్నారు. కాంట్రాక్టరు సాంబశివరావు గారికి ఉన్నది ఒకటే బుల్డోజరు, ఓడలో దిగిన సీమ సరుకు. దాని ఇంజనుకి టర్బో ఉండేది. బయటికి పోయే పొగ వేగంతోనే గిర్రున తిరుగుతూ ఇంజనులోకి గాలి దట్టించే చక్రం అది. పనిలో ఉన్నంతసేపూ ఎర్రగా కాలుతుంటుంది. దాన్ని పట్టి ఉంచేవి నాలుగే నాలుగు బోల్టులు. ఆ వేడికి సాగకుండా వాటిని వేరే ఉక్కుతో చేస్తారు. నడివేసవిలో అవి విరిగాయి.

మద్రాసు ఏజెంటుకి టెలిగ్రాం కొడితే నెల పడుతుందన్నాడు. నరసరావుపేట, గుంటూరు తిరిగాను. లారీ బోల్టులు బస్తాలకొద్దీ ఉన్నాయిగానీ ఇవి లేవు. వట్టి చేతులతో వచ్చిన నన్ను చూసి సాంబశివరావు గారు, "ఏందయ్యా ఐజాకూ, నాలుగు మేకుల కోసం నా కాలవ ఆగాలా? నువ్వేం మెకానిక్కువి?" అన్నారు, కూలీలందరి ముందూ. నాకు రోషం ఎక్కువ. తిక్క కూడా అంతే.

మాచర్ల వెళ్ళి కమ్మరి వీరాచారిని పట్టుకున్నాను. చుట్టుపక్కల నాపరాయి గనుల గునపాలన్నీ ఆయన కొలిమిలోనే పదునెక్కుతాయి. రాయిని పగలగొట్టే ఉక్కు బోల్టుగా నిలవదా అన్నది నా లెక్క. అరిగిన గునపాన్ని కాల్చి సాగదీశాడు. మరలు నేను కోశాను. మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచి పదును పెట్టాడు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు.

"ఇది రాయికి పెట్టిన పదునురా ఐజాకూ, నిప్పుకి కాదు. నిప్పు తగిలితే దిగిపోద్ది. తర్వాత నన్ననొద్దు."

కొలిమి దగ్గర బతికేవాడు నిప్పు సంగతి చెబుతుంటే నవ్వి వచ్చాను చూడండి, అదీ నా తెలివి.

డ్రైవరు హబీబు చానా జాగ్రత్త మనిషి. రెంచి అందిస్తే వెంటనే తీసుకోలేదు. "ఎక్కడియ్యన్నా ఇయ్యి?" అన్నాడు.

"మద్రాసుయ్యి. పొద్దున్నే వచ్చినయ్," అన్నాను. నిజం చెబితే బండి తోలడని తెలుసు.

బిస్మిల్లా అనుకుని చివరి చుట్టు బిగించాడు.

మూడో రోజు మధ్యాహ్నం బోల్టులు సాగాయి. సందులోంచి తన్నుకొచ్చిన వేడికి డీజిలు గొట్టం అంటుకుంది. హబీబు దూకి పారిపోయి ఉండాల్సింది. అలా చెయ్యకుండా మంటలో చెయ్యి పెట్టి డీజిలు కట్టేశాడు. బండి దక్కింది. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి, మళ్ళీ లివరు పట్టడానికి పనికిరాకుండా.

"అడ్డగోలుగా తోలుంటాడు, ఇంక పనిలోకి రావద్దను," అన్నారు సాంబశివరావు గారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆసుపత్రికి చూడబోతే హబీబే నన్ను బతిమాలాడు. "మద్రాసు బోల్టులు ఊరికే పోతయ్యా అన్నా? చివరి చుట్టు నేనే ఎక్కువ బిగించుంటా. నీ కష్టమంతా బూడిద చేశా. ఏమనుకోబాక."

"సర్లే, ఎవరికైనా జరుగుద్ది," అన్నాను.

క్షమించాను! నేను, వాణ్ణి! ఆ మాట అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

ఆ ఆదివారం మా చర్చి గుళ్ళో ప్రభువు బల్ల, అందరూ రొట్టె పంచుకునే రోజు. ఎవరితోనైనా తేడా ఉంటే ముందు వాళ్ళతో సమాధానపడి తర్వాత రొట్టె తీసుకోవాలని మావాళ్ళ నియమం. పళ్ళెం నా దాకా వస్తే ముట్టుకోకుండా పక్కవాడికి అందించాను. ఇంటికొచ్చాక నా భార్య కృపమ్మ నిలదీసింది. "ఎవరితో గొడవపడ్డావేంది?" చెప్పేశాను. అంతా విని, "నాకు చెప్తే ఏమొస్తది? చెయ్యి పోయింది నాకా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

అయినా హబీబు దగ్గరికి వెళ్ళలేదు. ఇవాళ రేపు అనుకుంటూ పదిహేను రోజులు గడిపాను. చివరికి మద్రాసు పార్సిలు మాచర్ల స్టేషనులో దిగింది. మైనం కాగితంలో నాలుగు బోల్టులు, తలల మీద కంపెనీ అచ్చు గుర్తులు. స్టేషను నుంచి నేరుగా హబీబు ఇంటికి వెళ్ళాను. మంచం మీద అతని పక్కన ఒక కొత్త బోల్టూ, అప్పట్నుంచీ జేబులో మోస్తున్న, కాలి సాగిన ఒక పాత బోల్టూ పెట్టాను.

ఎడమచేత్తో పాతదాన్ని తీసుకుని తల మీద వేలితో తడిమాడు. "ఇది సుత్తి దెబ్బ కదా?"

"వీరాచారిది. గునపం ఉక్కు. నీకు అబద్ధం చెప్పా హబీబూ. ఆయన వద్దని కూడా చెప్పాడు."

బోల్టు మంచం మీద పెట్టేశాడు. "చెయ్యి పోయినందుకు ఏడవలేదన్నా," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళు బండి తోలి చివరి చుట్టు బిగించడం రాలేదే అని ఏడ్చా. పో, ఈ మాట సాంబశివరావు గారికాడ చెప్పు."

వెళ్ళి చెప్పాను, ఆ కూలీలందరి ముందే. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బోల్టులు బిగించి, ఇక పనిలోంచి దయచెయ్యమన్నారు. హబీబుని మాత్రం కొత్త డ్రైవరుకి పని నేర్పడానికి మర్నాడే పిలిపించారు.

చివరి చుట్టు ఉంచి నాలుగూ బిగించాను. కొత్త డ్రైవరు, "పెద్దాయన ఉండగా నేనేంది," అని వెనక్కి తగ్గాడు. పద్ధతి ప్రకారం రెంచి హబీబు ముందుకు చాచాను.

ఎడమచేత్తో అందుకున్నాడు. బోల్టుల వంక కాదు, నా మొహంలోకి చూశాడు.

"ఎక్కడియ్యన్నా ఇయ్యి?"

"మద్రాసుయ్యి," అన్నాను. ఈసారి నిజమే. కానీ అదే మాట, అదే నోరు.

రెంచి తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే బిగించన్నా," అని పక్కకు తప్పుకున్నాడు.