అడుగు కుర్చీకి అర్జీ

నీలమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఇరాక్‌లోని బస్రాకు వెల్డింగు పనికి పోయిన భర్త ప్రకాశం బతికున్నాడో లేడో తెలియకుండానే చంకలోని పిల్ల పెరిగి పెద్దదవుతుందని.

ఇరాన్‌తో యుద్ధం మొదలైనప్పటినుంచి అతని దగ్గరినుంచి జాబు లేదు. దబీర్‌పురా స్టేషను వెనక ఒంటిగది ఇల్లు. చిన్నప్పుడే బడి మానేసిన నీలమ్మ, కచేరి ముందు కూర్చుని రాసిపెట్టేవాళ్లతో ఢిల్లీ విదేశాంగ శాఖకు అర్జీలు పెట్టించింది. మొదటిది ఇరాక్ పనులు చూసే సెక్షను ఆఫీసరుకు. బదులు రాలేదు. గల్లీలో తగాదా వస్తే పెద్దమనిషి దగ్గరికి పోతారు, ఆయన తేల్చకపోతే ఆయనకంటే పెద్దాయన దగ్గరికి. ఆ లెక్కనే తర్వాతి అర్జీ జాయింటు సెక్రటరీకి, ఆ పైది విదేశాంగ కార్యదర్శికి, ఆఖరుది ఏకంగా మంత్రిగారికి పోయింది. ఆ రోజు ఆమె కడుపునిండా అన్నం తిన్నది.

పక్కింటి లీలమ్మ తమ్ముడు పురుషోత్తం ఆ శాఖలోనే టైపిస్టు. సెలవు మీద వచ్చాడని తెలిసి నీలమ్మ పోయి, మంత్రి చూశాడా అని అడిగింది.

"మంత్రి నీ మొగుని కోసమే కూసున్నడా ఏందే," అన్నది లీలమ్మ.

పురుషోత్తం నవ్వలేదు. మూలనున్న కుండల దొంతర చూపించాడు. పైన మంత్రి, ఆయన కింద కార్యదర్శి, ఆయన కింద జాయింటు సెక్రటరీ, అడుగున సెక్షను. బాగ్దాదులోని మన రాయబారి ఆఫీసుకు తంతి పోవాలంటే కాగితం తయారయ్యేది అడుగునే. పైకి అర్జీ చేరిన ప్రతిసారీ, ఈ సంగతేమిటని పైవాళ్లు అడుగుతారు. ఫైలు పైకి పోతుంది. అది దిగివచ్చేదాకా కిందివాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

నీలమ్మ పిల్లను చంక మార్చుకున్నది. "అంటే నేనే ఆపిన్నా అన్నా?"

పురుషోత్తం పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

"తెల్వక చేసినవ్ చెల్లె. ఇప్పుడు ఫైలు కిందికి దిగింది, నేను బయలెల్లేముందు చూసిన. ఇగ పైకి రాయకు. అడుగు కుర్చీకి, ఆ సెక్షను ఆఫీసరుకే, ఒక్కటి రాయి. పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు పెట్టు. నీ అర్జీలల్ల ఏడుపు మస్తుగున్నది గని, గవి లేవు."

ప్రకాశం పోయేముందు రాసిచ్చిన చీటీని నీలమ్మ ఇంటికి పోయి బైబిలులోంచి తీసుకొచ్చింది. నంబరు, కంపెనీ పేరు పురుషోత్తం రాసుకున్నాడు. ఇంగ్లీషులో టైపు కొట్టి తానే అందిస్తానన్నాడు. చివరి మాట మాత్రం నీలమ్మ తన చేత్తోనే, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది:

"అయ్యా, ఆయన కుడిచెయ్యి మీద కాలిన మచ్చ ఉంటది. పిల్లకు మాటలొస్తున్నయి. మా ప్రకాశం ఎట్లున్నడో ఒక్కసారి మనిషిని పంపి చూడుండ్రి."