ముందే అన్న ‘ఊఁ’

మా బామ్మర్ది చుక్కాని పడతాడు, నేను తెరచాప తాడు పడతాను. మా రేసు పడవ పరుగందుకుందంటే అడుగున ఉన్న రెక్కల మీద లేచి, నీళ్ళకు అంటకుండా పోతుంది. మలుపు తిప్పే ముందు వాడు “ఊఁ” అంటాడు. అది చెవిన పడగానే నేను తాడు వదలాలి. ఏమాత్రం ఆలస్యమైనా ఇద్దరం నీళ్ళపాలే. నా పెళ్ళిలో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషితో ఇన్నేళ్ళూ ఆ ఒక్క అక్షరం మీదే కాపురం చేశాను.

ఇప్పుడు తాడు పట్టడానికి కంప్యూటర్ వచ్చింది. దానికి ఆకలి లేదు, చలి లేదు, పొగరు లేదు. ఆ మూడోది నాకు దండిగా ఉంది. కోచ్ పోటీ పెట్టాడు. మా బామ్మర్ది ఒక చుట్టు నాతో, ఒక చుట్టు దానితో తిరగాలి. ఎవరు త్వరగా ముగిస్తే పడవలో చోటు వాళ్ళది.

నా చుట్టు బాగానే అయిందనుకున్నాను. తర్వాత తడి బట్టలతో గట్టు మీద నిలబడ్డాను. నా చోటు ఖాళీగా ఉంచుకుని పడవ వెళ్ళిపోయింది. కంప్యూటర్ చాపను ఎక్కడా చిన్న ముడత లేకుండా బిగించింది. దాన్ని తిట్టుకుంటూనే కళ్ళప్పగించి చూశాను. చివరి మలుపులో మావాడు మలుపుకు గుర్తుగా నీళ్ళలో కట్టిన డ్రమ్ముకు ఎక్కడో దూరంగా పోయి, పడవను దబ్బున నీళ్ళలో దించేశాడు. నిద్రలో కూడా వాడు చెయ్యని తప్పు అది.

“మనిషే గెలిచాడు!” అంటూ కోచ్ నా వీపు తట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

షెడ్డులో మా బామ్మర్దిని నిలదీశాను. “కావాలనే ఓడిపోయావు కదూ?”

వాడు గ్లౌజులు విప్పసాగాడు.

“నేను గెలవలేనని ఎలా అనుకున్నావురా?”

“కోప్పడకు బావా. పోయిన సీజన్ నుంచి నీ చెయ్యి ఆలస్యమవుతోంది. అందుకే ‘ఊఁ’ కాస్త ముందే అంటున్నా. ఇవాళ ఇంకా ముందన్నాను. అదీ చాల్లేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే దిగిపోతావు. ఆ పడవలో నేనొక్కణ్ణే ఏం చెయ్యను?”

పోయిన సీజన్ కప్పులన్నీ నా చేతుల పుణ్యమేనని ఊరంతా చెప్పుకు తిరిగాను. అప్పటి నుంచీ వాడు ఆ పడవలో ఒంటరిగానే ఉన్నాడు. పక్కనే కూర్చుని కూడా నాకు తెలియలేదు.

కోచ్ గదికి వెళ్ళి కంప్యూటర్‌నే పెట్టుకోమన్నాను. ఎందుకని అడిగితే నడుము నొప్పన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నవ్వుతూ గుమ్మంలోనే ఎదురైంది. “గెలిచారటగా! తమ్ముడు ఫోన్ చేశాడు.”

“ఏమన్నాడు?”

“బావ చేతిని కొట్టే మెషీన్ ఇంకా పుట్టలేదక్కా, అన్నాడు.”

అవునన్నాను. బూట్లు విప్పుకునే నెపంతో తల వంచుకుని అక్కడే చాలాసేపు కూర్చున్నాను.