పద్నాలుగు ఇంచుల చెయ్యి

ఇక్రా కుట్టిన జాకెట్టుకు వంక పెట్టిన ఆడమనిషి భూపాలపల్లిలో ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆమె తల్లి హాజిరా బీ చెప్పేది కాబట్టి సగం కొట్టేయండి. మిగిలిన సగం మాత్రం నిజమే. బొగ్గుబావి క్వార్టర్లలో ఎవరింట్లో పెళ్లయినా గుడ్డ ముక్కలు ముందు ఇక్రా మిషను దగ్గరికే వచ్చేవి. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకుండానే కొలత చెప్పేది. అలాంటి పిల్లకు మానుకోట నుంచి వచ్చిన ఒక చెయ్యి, మనిషి కూడా కాదు, ఒట్టి చెయ్యి, పదిహేను రోజులు అన్నం సయించనీయలేదు.

సంగతేమిటంటే, గల్లీకొక టైలరు తయారై ఊళ్లో పని పలచబడింది. మిషను మూలన పడుతుందేమోనని దిగులుపడుతున్న రోజుల్లో ఇక్రా ఫోనులో ఒక అమ్మకాల యాప్‌లో దుకాణం తెరిచింది. కొలతలు పంపితే జాకెట్టు కుట్టి పార్సిల్ చేస్తుంది. దుకాణానికి తల్లి పేరే పెట్టింది. ఆ యాప్ వాళ్లది ఒక్కటే మెలిక. కొత్త దుకాణానికి మొదటి మూడు నెలల్లో మూడు వాపసులు వస్తే దుకాణం మూత, మళ్లీ తెరవనివ్వరు. రెండు నెలలు ఒక్క వాపసు లేకుండా నడిపింది ఇక్రా. ఇంకేముంది, గట్టెక్కినట్టే అనుకుంటుండగా జమున అనే ఆవిడ తగిలింది.

జమున మానుకోటలో ప్రైవేటు బడిలో టీచరు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, మెసేజీలు చెప్పాయి. పిల్లల నోటుబుక్కులు దిద్దినట్టు ఒక్కో లోపానికి ఒక్కో నంబరు వేసి పంపేది. మొదట అడిగింది వాళ్ల మమ్మీకి ఎర్ర జాకెట్టు, ఛాతీ ముప్పై ఆరు, చేతి లూజు పదకొండు. ఇక్రా కుట్టి పంపింది. నాలుగో రోజుకు వాపసు. చేతులు పట్టవు, ఒకటిన్నర ఇంచు పెంచాలి అని రాసింది. పెంచి పంపితే అదీ వాపసు. ఇప్పుడు పద్నాలుగు చేయాలట, వచ్చే సోమవారం లోపల అందాలట, అసలు మీకు కుట్టడం వచ్చా అని కూడా అడిగింది.

ఆ చివరి మాటకు ఇక్రా చెవులు ఎర్రబడ్డాయి. రెండు వాపసులూ ఒక్క మనిషివే. మూడోది వస్తే తల్లి పేరున్న దుకాణానికి తాళం.

హాజిరా బీ కూర కలుపుతూనే తీర్పు చెప్పేసింది. కొరివితో తల గోక్కోవద్దు, ఆ జాకెట్టు కుట్టనని చెప్పి వదిలించుకో అన్నది. మంచి సలహానే. కానీ ఇక్రాకు చిన్నప్పటి నుంచి ఒక రోగముంది. అర్థం కాని వస్తువును వదిలిపెట్టలేదు. ఏడేళ్లప్పుడు గోడగడియారం ఎందుకు టిక్కుమంటుందో చూడాలని విప్పి, మళ్లీ బిగించలేక పరుపు కింద దాచిన ఘనురాలు. ఇప్పుడు ఆమెను తొలిచేది కోపం కంటే ఆ లెక్క. ముప్పై ఆరు ఛాతీకి పద్నాలుగు ఇంచుల చెయ్యేమిటి? బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసిన తండ్రి రహీంను నిలబెట్టి కొలిచింది. దండచెయ్యి పన్నెండు. పిక్క కొలిస్తే పద్నాలుగు. "నా కాలంత చెయ్యా?" అని రహీం తన కాలును తనే వింతగా చూసుకున్నాడు.

పాత జాకెట్టు ఏదైనా ఆదికి పంపమని ఇక్రా రాసింది. ఏ టైలరైనా అడిగేది అదే కదా, ఒంటికి సరిపోయిన పాతది ఒకటిస్తే దాన్ని చూసి కొత్తది కోస్తారు. ఆది లేదు అని జవాబు. యాభై దాటిన ఆడమనిషి ఉన్న ఇంట్లో ఒక్క పాత జాకెట్టు లేకపోవడమేమిటి? పోనీ వీడియోలో చెయ్యి చూపించమంటే, కుదరదు అని ఒకటే ముక్క.

ఇక లాభం లేదని బుధవారం పొద్దున ఇక్రా వాపసు వచ్చిన రెండో జాకెట్టును తిరగేసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుంది. చెయ్యి లావైతే కుట్టు చంక కింద పిగులుతుంది. ఇక్కడ చంక దగ్గర దారం కూడా కదలలేదు. చేతి అంచు దగ్గర మాత్రం లోపలి గుడ్డ చుట్టూతా, గీత గీసినట్టు, ఒకే ఎత్తులో నలిగిపోయింది. కండ అలా నలపదు. ఏదో గట్టిది, గుండ్రటిది అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. జాకెట్టు ముందు వైపు హుక్కులో ఎర్రదారం పోగు ఒకటి చిక్కుకుని ఉంది. మెల్లగా లాగితే దాని కొసన చిటికెన వేలి గోరంత అద్దం బిళ్ల వచ్చింది.

అద్దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఇక్రాకు అంగడి గుర్తొచ్చింది. చిన్నప్పుడు తండా నుంచి ఒక లంబాడీ ముసలమ్మ మిరపకాయలు తెచ్చి అమ్మేది. ఆమె గుడ్డల మీద అద్దాలెన్నో లెక్కపెట్టాలని ఇక్రా కూర్చునేది, ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. ఆమె చేతులకు మణికట్టు నుంచి మోచేతి పైదాకా లావుపాటి తెల్లగాజులుండేవి. బలియాలు అనేది వాటిని. ఇవి ఊడిరావా అవ్వా అని అడిగితే, పెనిమిటి బతికుండగా ఎందుకూడుతయి పిల్లా అని నవ్వింది.

ఇక్రా జాకెట్టు ఒళ్లో పెట్టుకునే జమునకు ఫోను చేసింది.

"అక్కా, కోపం చేసుకోకుండ్రి. మీ అమ్మ చేతులకు బలియాలున్నయా?"

అవతలి నుంచి బడి గంట, పిల్లల గోల వినబడ్డాయి.

"మీకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. జాకెట్టే చెప్పింది."

అప్పుడు బయటపడింది అసలు కథ. జమున తల్లి బుచ్చి మొన్నటి ఎన్నికల్లో వాళ్ల తండాకు సర్పంచిగా గెలిచింది. సోమవారం ప్రమాణం. ఆఫీసర్లు వస్తారు, ఫోటోలు తీస్తారు. తల్లి ఆ రోజు చీర జాకెట్టులో కనబడాలని జమున పంతం. బుచ్చి పుట్టి బుద్ధెరిగి జాకెట్టు తొడగలేదు. వీపు మీద దారాలతో కట్టుకునే అద్దాల కాంచళే ఆమెకు తెలుసు. గాజులు ఎలాగూ తీసేస్తుంది కదా అని జమున వాటిని కిందికి జరిపి ఉత్త చెయ్యి కొలిచింది. తీరా జాకెట్టు వచ్చాక తల్లి చెయ్యి దూర్చేది, గాజుల దగ్గర ఆగేది.

"మా యాడి తియ్య అనదు, తీస్త అనదు. చెయ్యి గట్లనే పెట్టి నిలబడతది. ఆమెను ఏమనలేక మీ మీద పడ్డ," అన్నది జమున. అప్పటిదాకా మమ్మీ అని రాసిన మనిషి నోట యాడి అన్న మాట రావడం ఇక్రా గమనించింది. తర్వాత జమున గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. హాస్టల్లో చదివేటప్పుడు తల్లి రొట్టెలు పట్టుకుని వస్తే ఆమె బట్టలు చూసి ఆడపిల్లలు నవ్వారట. ఆ రోజు నుంచి తల్లిని గేటు బయటే నిలబడమన్నదట. బుచ్చి నాలుగేళ్లూ గేటు బయటే నిలబడిందట.

న్యాయంగా ఇక్రాకు ఒళ్లు మండాలి. పదిహేను రోజులు ప్రాణం తోడేసింది ఇందుకా? కానీ మండలేదు. తొమ్మిదో తరగతిలో తాను కూడా తల్లితో, బడి ముందర దక్కనీ ఉర్దూలో గట్టిగా పిలవకు అని చెప్పింది. హాజిరా బీ ఆ తర్వాత బడి ముందర అసలు పిలవనే లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇక్రాకు సిగ్గేసింది, జమునకు నీతులు చెప్పబుద్ధి కాలేదు.

"గాజులు ఉండనియ్యుండ్రి అక్కా. అవి చేతికి ఏడ మొదలైతయో, భుజం నుంచి గా దూరం కొలిచి చెప్పుండ్రి," అన్నది.

దారి ఆమెకు అప్పటికే తోచింది. రెండేళ్ల క్రితం రహీం స్కూటర్ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు, పిండికట్టు మీద చొక్కా ఎక్కక పరేషాన్ అయితే, ఇక్రా చొక్కా చేతిని పొడవునా చీల్చి టిచ్ బటన్లు పెట్టింది. ఇప్పుడూ అదే చేసింది. చేతులు రెండూ భుజం నుంచి కిందిదాకా తెరుచుకుంటాయి. చెయ్యి లోపలికి దూర్చే పనే లేదు, చుట్టూ తెచ్చి టిక్కుటిక్కుమని నొక్కడమే. అంచు సరిగ్గా గాజులు మొదలయ్యే చోట ఆగుతుంది. లూజు మళ్లీ పదకొండే. ఆ అద్దం బిళ్లను కాగితంలో పొట్లం కట్టి, ఇది మీది, హుక్కుకు చిక్కి వచ్చింది అని రాసి జాకెట్టు మడతలో పెట్టింది.

గురువారం పార్సిల్ బయలుదేరింది. శనివారం ఫోనులో చూస్తే జనగామలో ఉంది. మానుకోటకు పోవాల్సింది జనగామ ఎందుకెళ్లిందో ఆ కొరియర్ వాళ్లకే తెలియాలి. సాయంత్రానికీ జనగామలోనే. ఆదివారం వాళ్లకు సెలవు. సోమవారం దాటితే ఆ జాకెట్టుతో జమునకు పనిలేదు, వాపసు ఖాయం, దుకాణం మూత ఖాయం. ఇక్రా ఉండబట్టలేక ఉన్న మాట జమునకు రాసింది. పదినిమిషాలకు జవాబు వచ్చింది. నేనే జనగామకు రైల్లో పోతున్నా అని.

మొండిమనిషితో ఉండే లాభమేమిటో ఇక్రాకు ఆ రోజు తెలిసింది. ఆదివారం పొద్దున జనగామలో మూసిన షట్టరు ముందు కూర్చుని, బోర్డు మీద నంబరుకు పదకొండు సార్లు ఫోను చేసి, ఆ కొరియర్ అన్నను ఇంట్లోంచి రప్పించి, పార్సిల్ చేతిలో పడ్డాకే కదిలింది జమున. తనను సతాయించిన నోరే అక్కడ పనికొచ్చింది.

సోమవారం గడిచింది. ఒక్క మెసేజీ లేదు. హాజిరా బీ మధ్యాహ్నం రెండుసార్లు, సాయంత్రం మూడుసార్లు ఏమైందని అడిగింది. వదిలించుకోమన్న మనిషే.

మంగళవారం పొద్దున యాప్ మోగింది. వాపసు కాదు, అభిప్రాయం. ఐదుకు నాలుగు నక్షత్రాలు. కింద నంబర్లు వేసి రాసింది. ఒకటి, చేతులు సరిపోయాయి. రెండు, తొడిగేటప్పుడే ఒక టిచ్ బటన్ ఊడింది, దారం గట్టిది వాడాలి. ఇక్రాకు నవ్వూ ఉక్రోషమూ కలిసి వచ్చాయి. ఒక బటన్ దగ్గర దారం కండె అయిపోతే కొసదారంతో సరిపెట్టింది తానే. ఎట్లా పట్టుకుంది ఈవిడ!

వెనకే ఒక ఫోటో, ఒక వాయిస్ మెసేజీ వచ్చాయి. జమున గొంతు మామూలుగానే పొడిపొడిగా ఉంది. ఊడిన బటన్ చోట మా యాడే కుట్టుకుంది, సూదిదారం నన్ను ముట్టనియ్యలే అన్నది. తర్వాత, "యాడి ఒక మాట చెప్పుమన్నది. నా చెయ్యి చూడని పిల్లకు నా గాజులు కనబడ్డయి అన్నది. గా మాట నా దిక్కు చూసుకుంటనే అన్నది," అని, అంతటితో ఆపేసింది.

ఇక్రా ఫోటో తెరిచింది. హాజిరా బీ వచ్చి భుజం మీదుగా వంగింది. మైకు ముందు నీలం చీర, ఎర్ర జాకెట్టుతో ఒక సన్నటి మనిషి కుడిచెయ్యి ముందుకు చాచి నిలబడి ఉంది. తెల్లగాజులు మణికట్టు నుంచి పైకి నిండుగా ఉన్నాయి. అవి ఆగిన చోట జాకెట్టు మొదలైంది. ఊడిన బటన్ ఉండాల్సిన చోట, ఎర్రదారంతో చుట్టూ కుట్టి, ఇక్రా పొట్లం కట్టి పంపిన అద్దం బిళ్ల ఉంది.

అద్దంలో ఏదో కనబడుతోంది. ఇక్రా ఊరుకుంటుందా, రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. నలకంత మనిషి. రెండు చేతులతో ఫోను పైకెత్తి పట్టుకుంది. జనమంతా ఆమె వెనక ఉన్నారు. జమునే. తల్లికి ఎదురుగా, అందరికంటే ముందు నిలబడి ఫోటో తీస్తోంది.